ఏది పొరపాటు, ఏది నిర్లక్ష్యం: పంటి వైద్యానికి చట్టం పెట్టిన కొలత

పన్ను విరగడాన్నీ ఊడిపోవడాన్నీ లోకం చిన్న నష్టంగా చూస్తుంది గాని, చట్టం అలా చూడలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో ‘తీవ్ర గాయం’ అంటే ఏమిటో చెబుతూ, చూపు పోవడం, చెవుడు రావడం, అవయవం పనికిరాకుండా పోవడం వంటి వాటి సరసన ఎముక గాని పన్ను గాని విరగడాన్నీ, స్థానం తప్పడాన్నీ చేర్చింది. ఆ స్మృతికి బదులుగా 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా 116వ సెక్షన్‌లో పన్ను గురించిన ఆ మాటను అలాగే నిలుపుకొంది. కొట్లాటలో ఎదుటివాడి పన్ను రాలగొట్టినవాడు తీవ్ర గాయం చేసినవాడవుతాడు. అదే పన్నును పట్టకారుతో పీకిన వైద్యుడు ఏ నేరమూ చేసినవాడు కాడు. ఈ తేడాకు కారణం రోగి ఇచ్చిన సమ్మతి, వైద్యుడి సదుద్దేశం, ఆ పని చేసిన తీరులోని జాగ్రత్త. దంతవైద్యంలో నిర్లక్ష్యం గురించిన చట్టమంతా వీటిలో ఏది ఎక్కడ లోపించిందో తేల్చే ప్రయత్నమే.

వైద్యం ఫలించకపోవడమూ వైద్యుడు నిర్లక్ష్యంగా ఉండడమూ ఒకటి కావని కోర్టులు పదే పదే చెప్పాయి. రూట్ కెనాల్ చేసిన పన్ను ఆరు నెలలకే మళ్ళీ సలపరం పెట్టవచ్చు, దవడలో బిగించిన ఇంప్లాంట్ ఎముకతో అతుక్కోకుండా కదిలిపోవచ్చు, క్లిప్పులు వేసి సరిచేసిన పలువరుస కొన్నేళ్ళకు తిరిగి వంకర తిరగవచ్చు. ఇవేవీ తమంతట తాముగా వైద్యుడి తప్పును రుజువు చేయవు. పరిహారం కోరే రోగి, తన పట్ల జాగ్రత్త వహించాల్సిన బాధ్యత ఆ వైద్యుడికి ఉందనీ, ఆ బాధ్యతను అతను నిర్ణీత స్థాయిలో నెరవేర్చలేదనీ, తనకు నష్టం కలిగిందనీ, ఆ నష్టం ఆ లోపం వల్లనే కలిగిందనీ చూపించాలి. ఇక్కడ చెప్పిన నిర్ణీత స్థాయినే న్యాయశాస్త్రం శ్రద్ధా ప్రమాణం అంటుంది. అదే అర్హత ఉన్న సగటు వైద్యుడు అదే పరిస్థితిలో చూపించే నేర్పు, జాగ్రత్త అని దాని అర్థం. దేశంలోకెల్లా గొప్ప నిపుణుడి చేతివాటాన్ని ఎవరూ అడగరు.

ఈ ప్రమాణాన్ని కోర్టులు చాలావరకు పెద్దాసుపత్రుల కేసుల నుంచి, అంటే మానసిక వైద్యం, ప్రసూతి, శస్త్రచికిత్స వంటి రంగాల నుంచి తయారుచేసుకున్నాయి. ఒక గది, ఒక కుర్చీ, ఒక సహాయకురాలు ఉన్న దంత క్లినిక్‌కు కూడా దాన్నే వర్తింపజేస్తున్నాయి. ఆ బదిలీలో ఒక విశేషం దంతవైద్యులూ రోగులూ కూడా సరిగా గమనించినట్టు కనిపించదు. ఆ సూత్రం వైద్యుడికి ఇచ్చే పెద్ద రక్షణ, వైద్యుల్లో భిన్నాభిప్రాయం ఉన్న విషయాల్లోనే పనిచేస్తుంది. పంటి వైద్యంలో గొడవలు తరచు పుట్టేది భిన్నాభిప్రాయానికి తావే లేని చోట, అంటే ఏ పన్ను పీకాలో సరిచూసుకోవడం, మందుల సంగతి అడగడం, ఎక్స్‌రే తీయడం, జరిగింది జరిగినట్టు చెప్పడం, చెప్పింది రాసిపెట్టడం దగ్గర.

మానసిక వైద్యశాలలో పుట్టిన సూత్రం

ఇంగ్లండ్‌లోని ఫ్రయర్న్ ఆసుపత్రిలో 1954లో బోలం అనే రోగికి విద్యుత్ షాక్ చికిత్స చేశారు. కండరాలను సడలించే మందు ఇవ్వకుండా, శరీరాన్ని గట్టిగా అదిమి పట్టకుండా చేసిన ఆ చికిత్సలో అతనికి తుంటి ఎముకలు విరిగాయి. ఆ మందు ఇవ్వాలని కొందరు వైద్యులూ, దాని వల్ల వచ్చే ముప్పు దృష్ట్యా ఇవ్వనక్కరలేదని మరికొందరూ భావిస్తున్న రోజులవి. 1957లో ఆ దావా విచారించిన న్యాయమూర్తి మెక్‌నెయిర్, ఆ విద్యలో ఆరితేరిన బాధ్యతగల వైద్యవర్గం ఒకటి సరైనదని అంగీకరించిన పద్ధతిని అనుసరించిన వైద్యుడు, దానికి విరుద్ధమైన అభిప్రాయం గలవారు ఉన్నంత మాత్రాన, నిర్లక్ష్యం చేసినవాడు కాడని జ్యూరీకి వివరించారు. జ్యూరీ ఆసుపత్రి పక్షాన తీర్పు చెప్పింది. ఆనాటి నుంచి ఈ కొలతకు బోలం పరీక్ష అని పేరు స్థిరపడింది.

ఈ పరీక్ష వైద్యులకు వైద్యులే న్యాయమూర్తులయ్యే పరిస్థితి తెస్తుందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది, అది అన్యాయమైన విమర్శ కాదు. అందుకే 1997లో బోలిథో కేసులో బ్రిటన్ ప్రభువుల సభ ఒక సవరణ చేసింది: నిపుణులు వచ్చి తామంతా ఇలాగే చేస్తామని చెప్పడం చాలదు, ఆ పద్ధతి తర్కానికి నిలబడాలి, లాభనష్టాలను తూచి చూసి ఎంచుకున్నదై ఉండాలి. ఒక అలవాటు వృత్తిలో అందరికీ ఉన్నంత మాత్రాన అది మంచి అలవాటు అయిపోదని దీని సారాంశం.

భారత సుప్రీంకోర్టు 1968లోనే లక్ష్మణ్ జోషి కేసులో వైద్యుడి బాధ్యతను మూడు దశలుగా చూసింది. కేసును చేపట్టాలా వద్దా అని నిర్ణయించేటప్పుడు ఒకటి, ఏ చికిత్స ఇవ్వాలో తేల్చుకునేటప్పుడు ఒకటి, ఆ చికిత్స చేసేటప్పుడు ఒకటి. ఈ మూడింటిలో మొదటిది దంతవైద్యులకు మిగతావాటి కంటే ఎక్కువ వర్తిస్తుందనిపిస్తుంది. ఐదేళ్ళ బీడీఎస్ పట్టా చేతిలో ఉన్నవారికి పంటి వైద్యంలోని పనులన్నీ చేసే హక్కు స్థూలంగా ఉన్నా, దవడ ఎముకలో అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని తీయడమో, ఎముక అరిగిపోయిన చోట ఇంప్లాంట్లు పెట్టడమో మొదలుపెట్టిన క్షణం నుంచి ఆ పనికి కావలసిన నేర్పు తనకు ఉందని వైద్యుడు ప్రకటించుకున్నట్టే లెక్క. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది కూడా అదే: తనకుందని చెప్పుకున్న నేర్పు లేకపోయినా, ఉన్న నేర్పును తగిన శ్రద్ధతో వాడకపోయినా వైద్యుడు నిర్లక్ష్యానికి బాధ్యుడవుతాడు. నిపుణుడి దగ్గరికి పంపకపోవడం కూడా ఆ విధంగా తప్పు కాగలదు.

బోలం పరీక్షను జేకబ్ మాథ్యూ తీర్పు ఈ దేశపు కొలతగా స్థిరపరిచింది. 2010లో కుసుమ్ శర్మ కేసు దానికి అనుబంధంగా 11 సూత్రాలను క్రోడీకరించింది. 2019లో అరుణ్ కుమార్ మంగ్లిక్ కేసులో, డెంగీ రోగికి అవసరమైనన్ని రక్తపరీక్షలు చేయించని ఆసుపత్రిని తప్పుపడుతూ, శ్రద్ధా ప్రమాణం కాలంతో పాటు మారాలనీ, అంతర్జాతీయంగా అంగీకారం పొందిన మార్గదర్శకాలను పక్కనపెట్టడం కుదరదనీ సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాణం కాలంతో కదులుతుందనడానికి పంటి వైద్యంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఎముకలు గుల్లబారకుండా, కాన్సరు ఎముకలకు పాకినప్పుడు నొప్పి తగ్గేందుకు వాడే బిస్ఫాస్ఫనేట్ మందులు తీసుకునేవారికి పన్ను పీకితే కొందరిలో ఆ గాయం మానకుండా దవడ ఎముక బయటపడి కుళ్ళే ప్రమాదం ఉందని 2003లో అమెరికా శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్ 36 మంది రోగుల వివరాలతో వెల్లడించారు. అంతకుముందు ఆ మందు గురించి అడగకుండా పన్ను పీకినవారిని ఎవరూ తప్పుపట్టలేరు. వైద్యుడిని పని చేసిన రోజు నాటి జ్ఞానంతోనే కొలవాలి. ఈనాడు అరవై దాటిన మహిళకు పన్ను పీకే ముందు ఎముకల మందులేమైనా వాడుతున్నారా అని అడగని వైద్యుడికి మాత్రం ఆ సాకు దొరకదు.

రెండు దారులున్న చోటు, ఒకే దారి ఉన్న చోటు

బోలం పరీక్ష నిజంగా దంతవైద్యుడిని కాపాడే సందర్భాలు లేకపోలేదు. నొప్పి లేకుండా, చీము పట్టకుండా దవడలో ఇరుక్కుని ఉన్న జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తగా తీసెయ్యాలా, అలాగే వదిలెయ్యాలా అన్నది అలాంటి ప్రశ్న. జబ్బు లేని జ్ఞానదంతాలను తీయడం మానుకోవాలని బ్రిటన్ ప్రభుత్వ సంస్థ నైస్ 2000లో సూచించింది. వయసు పెరిగాక తీయడం కష్టమవుతుంది గనుక ముందే తీయడం మేలని వాదించే శస్త్రవైద్యులు అమెరికాలో చాలామంది ఉన్నారు. ఈ రెంటిలో ఏ దారి పట్టినా, కారణం చెప్పగలిగిన వైద్యుడిని కోర్టు తప్పుపట్టదు. కొద్దిగా పుచ్చిన పన్నుకు సిమెంటు చాలా, క్యాప్ వేయాలా అన్నదీ, వదులైన పన్నును చిగుళ్ళ చికిత్సతో నిలబెట్టాలా, తీసి ఇంప్లాంట్ పెట్టాలా అన్నదీ అలాంటివే.

కింది జ్ఞానదంతాన్ని తీయాలని నిర్ణయం అయ్యాక మాత్రం పరిస్థితి మారుతుంది. ఆ పంటి వేళ్ళకు అతి దగ్గరగా, దవడ ఎముక లోపలి సొరంగంలో ఒక నాడి వెళుతుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. దవడ మొత్తాన్ని ఒకే చిత్రంలో చూపించే ఓపీజీ ఎక్స్‌రేలో పంటి వేరు మీద నల్లని పట్టీ కనిపించడం, నాడి సొరంగపు తెల్లని గీత తెగినట్టుండడం, సొరంగం దారి మళ్ళినట్టుండడం ప్రమాద సూచనలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇంత జాగ్రత్త పడ్డా నాడి దెబ్బతినవచ్చు, పెదవి మొద్దుబారవచ్చు. ఎక్కువమందిలో కొన్ని నెలలకు స్పర్శ తిరిగి వస్తుంది, కొందరిలో ఎప్పటికీ రాదు. నాడి దెబ్బతినడం తప్పు కాదు. ఎక్స్‌రే తీయకుండా పీకడం, తీసినా ఆ గీతలను చూడకపోవడం, చూసినా రోగికి ముందే చెప్పకపోవడం తప్పులు. ఇక్కడ వైద్యులు రెండు వర్గాలుగా చీలి లేరు గనుక ఆశ్రయం తీసుకోవడానికి రెండో వర్గమంటూ ఉండదు.

రూట్ కెనాల్‌లోనూ ఇదే తీరు. పంటి వేరులోని సన్నని కాలువలను శుభ్రం చేసేందుకు వాడే నికెల్-టైటానియం ఫైలు, ఎంత నేర్పరి చేతిలోనైనా, కాలువ వంపు తిరిగిన చోట ఒక్కోసారి తెగి లోపలే ఉండిపోతుంది. అది చికిత్సలో అంతర్భాగమైన ముప్పు. ముక్క లోపల ఉన్నా కొన్ని పళ్ళు ఏళ్ళ తరబడి బాగానే ఉంటాయి. వైద్యుడు ఆ సంగతి వెంటనే చెప్పి, ఎక్స్‌రే తీసి, కేస్ షీటులో రాసి, ముక్కను తీయాలా, దాటి వెళ్ళాలా, నిపుణుడి దగ్గరికి పంపాలా అని రోగితో మాట్లాడితే అతని మీద దావా నిలవడం కష్టం. ఏమీ చెప్పకుండా పైన సిమెంటు పెట్టి, క్యాప్ వేసి, డబ్బు తీసుకుని పంపిస్తే అది వేరే కథ. ఫైలు గొంతులోకి జారితే మరీ వేరే కథ. చికిత్స చేసే పన్ను చుట్టూ బిగించి, మిగతా నోటిని వేరు చేసే రబ్బరు డ్యామ్ అనే పలుచని పొర, ఫైలు గొంతులోకి జారకుండా, కాలువలు కడిగే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం నాలుక మీదికీ గొంతులోకీ పోకుండా కాపాడుతుంది. అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని తప్పనిసరి అంటాయి, కళాశాలల్లో నేర్పుతారు, అయినా మన క్లినిక్‌లలో దాని వాడకం ఇంకా నిత్యకృత్యం కాలేదు. బిగించడానికి పట్టే కొద్ది నిమిషాల సమయం, రోగికి కలిగే అసౌకర్యం కారణాలుగా చెబుతుంటారు. అందరూ మానేశారు గనుక తానూ మానేశానన్న వాదం బోలం పరీక్షలో నెగ్గినా, బోలిథో సవరణ ముందు నిలవదు.

వీటన్నిటికన్నా అవమానకరమైనది ఒక పన్ను బదులు మరో పన్ను పీకడం. క్లిప్పుల చికిత్సకు చోటు కోసం సాధారణంగా కోరపన్ను వెనకున్న మొదటి చిన్న దవడపన్నును తీయమని ఒకరు రాసిస్తే, మరొకరు పీకుతారు. పళ్ళకు అంకెలు వేసే పద్ధతులు ఒకటి కాకపోవడం ఇక్కడ ప్రమాదాన్ని పెంచుతుంది. భారతదేశంలో కళాశాలలు నేర్పే అంతర్జాతీయ రెండంకెల పద్ధతిలో 14 అంటే పైన కుడివైపు మొదటి చిన్న దవడపన్ను. అమెరికాలో వాడే 1 నుంచి 32 దాకా సాగే పద్ధతిలో అదే 14 అంటే పైన ఎడమవైపు మొదటి పెద్ద దవడపన్ను. సెలవులకు స్వదేశం వచ్చి, అక్కడి ఖర్చు భరించలేక ఇక్కడ పళ్ళు చేయించుకునే అమెరికా తెలుగువారి కాగితాలు చూసేటప్పుడు ఈ తేడా పరీక్షలో అడిగే ప్రశ్నలా కాక నిజమైన ముప్పుగా ముందుకొస్తుంది. తప్పు పన్ను పీకిన కేసుల్లో న్యాయస్థానం నిపుణుల కోసం చూడనవసరం లేదు. జరిగిన విషయమే నిర్లక్ష్యాన్ని తానై చెబుతుందన్న సూత్రం వర్తిస్తుంది, వివరణ ఇచ్చుకునే భారం వైద్యుడి మీద పడుతుంది.

అడగకుండా చేసిన మేలు

సమ్మతి విషయంలో సుప్రీంకోర్టు తీర్పులన్నిటిలో దంతవైద్యులు తప్పక చదవాల్సినది, పళ్ళకు ఏ సంబంధమూ లేని సమీరా కోహ్లీ కేసు. గర్భాశయ పరీక్ష కోసం మత్తు ఇచ్చిన 44 ఏళ్ళ అవివాహితకు, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి అనుమతి తీసుకుని గర్భాశయాన్నీ అండాశయాలనూ తొలగించారు. ఆ శస్త్రచికిత్స వైద్యపరంగా సరైనదే కావచ్చుననీ, అయినా పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదనీ, ఒక చికిత్సకు ఇచ్చినది మరో చికిత్సకు చెల్లదనీ, ఆలస్యం చేస్తే ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు వచ్చే అత్యవసర పరిస్థితి ఒక్కటే మినహాయింపనీ 2008 జనవరిలో కోర్టు తేల్చింది. వైద్యురాలికి ఫీజు దక్కదని చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

పరిహారం చిన్నదే గాని, ఆ మినహాయింపు దంతవైద్యానికి దాదాపు ఎన్నడూ అందదు. ముఖమంతా వాచి ఊపిరి ఆడని రోగినీ, ప్రమాదంలో దవడ విరిగినవారినీ పక్కనపెడితే, పంటి వైద్యంలో రేపటికి వాయిదా వేయలేనిది అరుదు. పైగా రోగి పూర్తి మెలకువతో ఎదురుగా కూర్చునే ఉంటాడు, మొద్దుబారేది దవడ మాత్రమే. పుచ్చిన పన్నుకు సిమెంటు పెట్టించుకోవడానికి వచ్చిన రోగికి, పుచ్చు లోతుగా ఉందని కనిపెట్టి అడగకుండానే రూట్ కెనాల్ మొదలుపెట్టిన వైద్యుడు చికిత్సలో ఏ తప్పూ చేయకపోయినా సమ్మతి విషయంలో తప్పు చేసినట్టే. దూరం నుంచి వచ్చారనీ, మళ్ళీ మళ్ళీ తిరగలేరనీ సదుద్దేశంతోనే అలా చేసేవారున్నారు. చట్టం ఆ మేలును అడిగి చేయమంటుంది.

హైదరాబాద్‌లోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ మీద ఒక ఇంజనీరింగ్ విద్యార్థి వేసిన కేసులోనూ ఇదే సూత్రం పనిచేసింది. 1990లో ఛాతీలోని కణితి నుంచి పరీక్ష కోసం ముక్క తీసేందుకు ఒప్పుకున్న ఆ యువకుడికి కణితి మొత్తాన్నీ తీసేయడంతో నడుము కింది భాగం చచ్చుబడింది. ముక్క తీయడానికి ఇచ్చిన సమ్మతిలోనే కణితి తీయడానికి సమ్మతి ఇమిడి ఉందన్న వాదాన్ని సుప్రీంకోర్టు 2009 మేలో తోసిపుచ్చి, పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది.

ఎంత చెబితే చెప్పినట్టు అన్న ప్రశ్నకు దేశాల మధ్య తేడా ఉంది. వివేకవంతుడైన రోగి తెలుసుకోగోరేదంతా చెప్పాలన్నది అమెరికా పద్ధతి; బాధ్యతగల వైద్యులు మామూలుగా చెప్పేంత చెబితే చాలన్నది ఆనాటి బ్రిటన్ పద్ధతి. సమీరా కోహ్లీ కేసులో మన కోర్టు ఈ దేశపు వైద్య పరిస్థితులను లెక్కలోకి తీసుకుని రెండోదాన్ని ఎంచుకుంది. ఏడేళ్ళు దాటిన కొద్దికాలానికే, 2015 నాటి మాంట్‌గొమరీ తీర్పుతో బ్రిటన్ తన పద్ధతిని తానే వదిలేసి రోగి పక్షానికి మళ్ళింది. అరువు తెచ్చుకున్న సూత్రాన్ని యజమాని మార్చుకున్నాక అరువు తెచ్చుకున్నవారి దగ్గర అది పాత రూపంలోనే ఉండిపోయిన విచిత్ర స్థితి ఇది. దంతవైద్యానికి మాత్రం అమెరికా కొలతే సహజంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ రోగి ముందు సాధారణంగా మూడు నాలుగు దారులూ, వాటి వెలలూ, తొందరపడనక్కరలేనంత సమయమూ ఉంటాయి. ఆ సమయాన్ని దుర్వినియోగం చేస్తే ఏమవుతుందో 2012లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ అప్పీలు కోర్టు చూపింది. గడ్డానికి దెబ్బ తగిలిందని వచ్చిన కార్మికుడికి ఏడాదికి పైగా 53 దఫాలుగా నోటిలోని పళ్ళన్నిటికీ రూట్ కెనాల్ చేసి క్యాప్‌లు వేసిన దంతవైద్యుడు, అవి అవసరం లేవని తెలిసే చేశాడని తేలడంతో, సమ్మతి మోసంతో పొందినది గనుక చెల్లదనీ, ఇది నిర్లక్ష్యాన్ని దాటి ఒంటి మీద చేయి చేసుకోవడం కిందికి వస్తుందనీ ఆ కోర్టు చెప్పి, శిక్షగా అదనపు పరిహారం కూడా విధించింది.

క్లినిక్ గోడకు వేలాడే అట్టలోని సమ్మతి పత్రం చాలాచోట్ల ఇంగ్లిషులో అచ్చై ఉంటుంది. ఏ పన్ను, ఏ చికిత్స, ఏ ముప్పు అన్న ఖాళీలు ఖాళీలుగానే ఉండగా కింద సంతకం మాత్రం ఉంటుంది. ఇంగ్లిషు చదవలేని రోగి పెట్టిన అలాంటి సంతకానికి విలువ ఎంత అన్నది వాదనలో తేలే విషయం. తెలుగులో రెండు వాక్యాలు చేత్తో రాసి, పంటి అంకె వేసి, రోగితో చదివించి పెట్టించిన సంతకం అచ్చు కాగితం కంటే ఎంతో బలమైన సాక్ష్యం.

నిపుణుడు, కాగితం, బాధ్యుడు

దంతవైద్యుడి తప్పును మరో దంతవైద్యుడు వచ్చి చెబితే తప్ప కేసు నిలవదన్న నమ్మకం చాలామంది రోగులను మొదట్లోనే వెనక్కి పంపుతుంది. 2009లో మార్టిన్ డిసౌజా కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి, వైద్యుడికి నోటీసు పంపే ముందే నిపుణుల అభిప్రాయం తీసుకోవాలని చెప్పిన మాట కూడా ఆ నమ్మకాన్ని బలపరిచింది. దాన్ని సడలించినది మరుసటి ఏడాది హైదరాబాద్ నుంచి వెళ్ళిన వి. కిషన్ రావు కేసు. మలేరియా సోకిన మహిళకు టైఫాయిడ్ అనుకుని చికిత్స చేసిన ఆ వ్యవహారంలో జిల్లా ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం ఇస్తే, నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే తిరిగి నిలబెడుతూ, ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కరలేదనీ, విషయం చిక్కైనది అయినప్పుడే ఆ అవసరమనీ చెప్పింది. తప్పు పన్ను పీకడానికి నిపుణుడు అక్కరలేదు. నాడి దెబ్బతిన్నది పీకిన తీరు వల్లనా, పంటి వేరు నాడికి చుట్టుకుని ఉండడం వల్లనా అని తేల్చడానికి కావాలి. అలాంటప్పుడు హైదరాబాద్, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంత కళాశాలల అధ్యాపకుల వంటివారి మాటకు బరువు ఎక్కువ.

ఆ నిపుణుడైనా చూసేది కాగితాన్నే. రూట్ కెనాల్‌లో చికిత్సకు ముందు, కాలువ పొడవు కొలిచేటప్పుడు, నింపాక తీసిన ఎక్స్‌రేలు. ఎన్ని మిల్లీలీటర్ల మత్తుమందు ఏ చోట ఇచ్చారన్న లెక్క. మధుమేహం, గుండె మందులు, పడని మందుల గురించి అడిగి రాసుకున్న వివరం. మధ్యలో మానేసి వెళ్ళిన రోగికి చేసిన ఫోను కాల్ తేదీ - వీటిలో ఏది ఉన్నా వైద్యుడు సగం గట్టెక్కినట్టే, ఏదీ లేకపోతే అతని మాటకు ఊతం ఉండదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ఆసుపత్రిలో చేరిన రోగుల చికిత్స రికార్డులను మూడేళ్ళు ఉంచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ చెప్పింది. దంతవైద్యులకు 2014లో సవరించిన నైతిక నియమావళి వేరుగా ఉంది.

ఎవరి మీద కేసు వేయాలన్నది మరో చిక్కు. పట్టణాల్లోని క్లినిక్‌లకు రూట్ కెనాల్ నిపుణుడు ఒక రోజు, క్లిప్పుల నిపుణుడు మరో రోజు వచ్చి పోతుంటారు. రోగికి తెలిసినది బోర్డు మీది పేరు ఒక్కటే. 2004 నాటి సవితా గర్గ్ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స చేసిన వైద్యులందరినీ పేరుపేరునా చేర్చనక్కరలేదనీ, ఆసుపత్రి మీద వేసినా చాలనీ, తన పక్షాన తప్పు లేదని చూపించే భారం ఆసుపత్రిదేననీ చెప్పింది. అతిథిగా వచ్చిన నిపుణుడు చేసిన పనికి క్లినిక్ యజమాని చేతులు కడుక్కోవడం అందువల్ల అంత తేలిక కాదు.

ఏ తలుపు తట్టాలి

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నవంబరులో వి.పి. శాంత కేసు తేల్చింది. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే చోట్లు దీని బయట ఉంటాయి గనుక, అలాంటి ప్రభుత్వ దంత ఆసుపత్రిలో జరిగిన నష్టానికి సివిల్ కోర్టే దిక్కు. 2019 నాటి కొత్త వినియోగదారుల చట్టంలో వైద్యం అన్న మాట విడిగా లేదని వైద్యుల సంఘం ఒకటి చేసిన వాదాన్ని కోర్టులు అంగీకరించలేదు. ఆ కొత్త చట్టం కింద కమిషన్ స్థాయిని నిర్ణయించేది కోరే పరిహారం కాదు, రోగి చెల్లించిన మొత్తం. 50 లక్షల రూపాయల దాకా జిల్లా కమిషన్‌దే అధికారం గనుక, పళ్ళ కేసులు దాదాపు అన్నీ అక్కడే మొదలవుతాయి. చెల్లించినది 5 లక్షల లోపైతే రుసుము లేదు. రోగి తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాద్‌లో చేయించుకున్న ఇంప్లాంట్ గురించి గుంటూరులో కేసు వేయడానికి అడ్డులేదు.

నేర విచారణ గడప చాలా ఎత్తైనది. సాధారణ నిర్లక్ష్యం చాలదు, తీవ్రమైన నిర్లక్ష్యం కావాలనీ, మరో వైద్యుడి స్వతంత్ర అభిప్రాయం లేకుండా ముందుకు పోరాదనీ, మామూలు కేసుల్లా అరెస్టు చేయరాదనీ జేకబ్ మాథ్యూ తీర్పు నిర్దేశించింది. ఇక్కడ దంతవైద్యులను ఇబ్బంది పెట్టే ఒక మెలిక ఉంది. నిర్లక్ష్యంతో మరణం కలిగిస్తే ఐదేళ్ళ దాకా జైలు అని చెప్పే న్యాయ సంహిత 106వ సెక్షన్, రిజిస్టరైన వైద్యుడికి దాన్ని రెండేళ్ళకు తగ్గించింది; అయితే రిజిస్టరైన వైద్యుడంటే జాతీయ వైద్య కమిషన్ చట్టం కింది జాబితాలో పేరున్నవాడని వివరణ ఇచ్చింది. దంతవైద్యుల పేర్లు ఉండేది 1948 నాటి దంతవైద్యుల చట్టం తెచ్చిన వేరే రిజిస్టర్లో. దాని స్థానంలో 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ దంత కమిషన్ చట్టం కూడా వారికి వేరే రిజిస్టర్నే ఏర్పరుస్తుంది. అక్షరాలా చదివితే ఎంబీబీఎస్ చదివినవారికి ఉన్న తగ్గింపు బీడీఎస్ చదివినవారికి లేదు. ఇది ఉద్దేశపూర్వకంగా చేసిన తేడా అనడానికి కారణం కనిపించదు. ముసాయిదా రాసినవారి ఏమరుపాటే అయి ఉండాలి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి గడువు రెండేళ్ళు, ఆ లెక్క ఎప్పుడు మొదలవుతుందన్నది పళ్ళ కేసుల్లో తరచు వచ్చే ప్రశ్న. 1993లో జరిగిన శస్త్రచికిత్సలో కడుపులో వదిలేసిన గాజుగుడ్డ 2002లో బయటపడితే, 2004లో వేసిన ఫిర్యాదును సుప్రీంకోర్టు వి.ఎన్. శ్రీఖండే కేసులో పరిశీలించింది. రోగికి తెలియని నష్టం అయితే తెలిసిన రోజు నుంచే గడువు లెక్కించాలన్న సూత్రాన్ని ఒప్పుకుంటూనే, తానే నర్సు అయి ఉండి తొమ్మిదేళ్ళు నొప్పి భరిస్తూ ఆ వైద్యుడిని మళ్ళీ అడగని ఆమెకు అది వర్తించదని 2010లో చెప్పింది. వేరులో ఉండిపోయిన ఫైలు ముక్క కూడా ఇలాగే ఐదారేళ్ళకు వేరే క్లినిక్‌లో తీసిన ఎక్స్‌రేలో సన్నని తెల్లగీతగా బయటపడుతుంది. అప్పటికి మొదటి క్లినిక్‌లో పాత ఎక్స్‌రే, కేస్ షీటు ఉంటాయన్న నమ్మకం లేదు. చికిత్స ముగిసిన రోజే చివరి ఎక్స్‌రే ప్రతిని ఫోనులోకి పంపించుకున్న రోగికీ, అది పంపినట్టు ఆధారం ఉంచుకున్న వైద్యుడికీ మాత్రం ఆ ముక్క ఎప్పుడు, ఎవరి చేతిలో తెగిందో చెప్పగల వీలుంటుంది.